పుల్ల నేలలో అపరాలకు బుడిపెలు కట్టాలంటే: సున్నం ఎప్పుడు, ఎంత, ఎలా వేయాలి

రైజోబియం (అపరాల వేర్ల మీద బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా) ప్యాకెట్ తెచ్చి, బెల్లం నీళ్లలో కలిపి, విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తారు. నెల తిరిగేసరికి పైరు పాలిపోయింది. కాస్త యూరియా చల్లితే పది రోజులు పచ్చగా కనిపించి మళ్లీ అదే తీరు. ఇలాంటప్పుడు ఎవరికైనా కల్చర్ మీదే, అంటే ఆ ప్యాకెట్‌లోని బాక్టీరియా మీదే అనుమానం వస్తుంది. పాత స్టాకు, ఎండలో మగ్గిన స్టాకు అంటగట్టే షాపులు లేకపోలేదు కూడా. కానీ మీది పాడేరు, చింతపల్లి, అరకు వైపు కొండ నేలో, వాన బాగా పడే ఎర్ర మెట్టో అయితే షాపువాడితో గొడవకు దిగేముందు నేల పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె చూడండి. బాగా పుల్లబడిన, అంటే ఆమ్లం పెరిగిన నేలలో నికార్సయిన కల్చర్ కూడా చేతులెత్తేస్తుంది.

నల్లరేగడి రైతులు మాత్రం ఇది చదివి సున్నం బస్తాలు దింపుకోవద్దు. ఆదిలాబాద్ సోయా చేలు, కర్నూలు, ప్రకాశం జిల్లాల శనగ చేలు చాలావరకు క్షారం వైపే ఉంటాయి. అక్కడ సున్నం వేస్తే ఇనుము, జింకు అందక ఉన్న పచ్చదనం కూడా పోతుంది. ఎర్ర నేలలన్నీ పుల్లనివి అనుకోవడమూ పొరపాటే. దేశంలో ఆమ్ల నేలలు సుమారు 4.9 కోట్ల హెక్టార్లు ఉన్నాయని లెక్క, అందులో సగానికి పైగా పీహెచ్ 5.5 కంటే తక్కువ. ఈశాన్య రాష్ట్రాలు, జార్ఖండ్, ఒడిశా, కేరళల్లో ఇవి ఎక్కువ. ఒడిశా కొండలను ఆనుకుని ఉన్న మన ఏజెన్సీదీ అదే కథ. ఏళ్ల తరబడి కురిసే వాన నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగేస్తుంది, ఆ ఖాళీలో ఆమ్లం చేరుతుంది.

పుల్ల నేలలో బుడిపె ఎందుకు కట్టదు

పీహెచ్ అంటే సాయిల్ హెల్త్ కార్డులో ఉదజని సూచిక అని రాసేదే. ఏడు తటస్థం. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు లెక్క. 6.5 ఉన్న చేనుకు, 5.5 ఉన్న చేనుకు తేడా ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

5.5 దిగువకు వచ్చేసరికి మట్టిలో గట్టిగా ఉండిపోవాల్సిన అల్యూమినియం కరిగి నీటిలోకి వస్తుంది. అది తగిలిన వేరు కొస మొద్దుబారుతుంది, పక్క వేర్లు పొట్టిగా గోధుమరంగులో ఆగిపోతాయి. కొన్ని నేలల్లో మాంగనీసు కూడా విషమయ్యేంత కరుగుతుంది. మీరు వేసిన భాస్వరాన్ని అల్యూమినియం, ఇనుము పట్టుకుని మొక్కకు వదలవు. భాస్వరం లేకపోతే నత్రజని స్థిరీకరణకు కావలసిన శక్తి రాదు. గాలిలోని ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి బుడిపెలోని బాక్టీరియా కనీసం 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చుపెడుతుంది. అంత ఖరీదైన పని అది.

ఇవన్నీ ఒక ఎత్తు, మొలక దశలో జరిగేది ఒక ఎత్తు. విత్తనం మొలవగానే వేరు నుంచి కొన్ని రసాయనాలు మట్టిలోకి వస్తాయి. వాటిని పసిగట్టిన రైజోబియం తన వైపు నుంచి మరో రసాయనం వదులుతుంది. అప్పుడు వేరు మీది సన్నటి నూగు, అంటే మూలకేశం, కొంకిలా వంగి బాక్టీరియాను లోపలికి రానిస్తుంది. ఆమ్లం ఎక్కువై, కాల్షియం తక్కువైతే ఈ పలకరింపు దగ్గరే పని ఆగిపోతుంది. మొలిచిన తొలి రోజుల్లోనే ఇదంతా జరిగిపోవాలి. కాబట్టి పైరు పాలిపోయాక పైపైన చల్లిన సున్నం ఆ పంటకు పెద్దగా అక్కరకు రాదు. సున్నం పని విత్తే ముందు, విత్తనం పడే చోట జరగాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే, ఇది గుర్తుంచుకోండి.

ఇంకొకటి మాలిబ్డినం. నత్రజనిని పట్టే ఎంజైమ్ గుండెలో ఉండే లోహం ఇది. మిగతా సూక్ష్మపోషకాల్లో చాలావరకు ఆమ్లంలో తేలిగ్గా అందితే, ఇది తిరకాసు: పుల్లబడేకొద్దీ అందదు. 1942లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఎ.జె. ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, పశువుల మేతకు పెంచే క్లోవర్ ఎదగని ఆమ్ల నేలల్లో గ్రాముల లెక్కన మాలిబ్డినం వేసి చూపిస్తే మొక్కలు తేరుకున్నాయి. చాలా చేలల్లో మాలిబ్డినం విడిగా వేయనక్కర్లేదు, సున్నంతో పీహెచ్ పెరిగితే మట్టిలో ఉన్నదే విడుదలవుతుంది.

అన్ని పంటలూ ఒకేలా బాధపడవు. వేరుశనగ, బొబ్బర్లు పులుపును కాస్త ఓర్చుకుంటాయి. వీటికి బుడిపెలు కట్టించేది నెమ్మదిగా పెరిగే రకం బాక్టీరియా, ఆమ్లంలో అది కాస్త నిలదొక్కుకుంటుంది. పైగా వేరుశనగలో బాక్టీరియా మూలకేశం గుండా కాకుండా, పక్క వేరు పుట్టే చోట ఏర్పడే పగులులోంచి దూరుతుంది. సోయా, బఠాణీ, మసూర, శనగ అంత గట్టివి కావు. ఏజెన్సీలో ఎక్కువగా వేసే రాజ్‌మా సంగతి వేరు, దాని గురించి కింద చెబుతాను.

1. ముందు మొక్కను తవ్వి చూడండి

పరీక్షలకు డబ్బు పెట్టేముందు ఉన్న పైరును అడగండి. మినుము, పెసర అయితే 30-35 రోజులకు, మిగతావి పూత మొదలయ్యే సమయానికి చూడాలి. మొక్కను పీకొద్దు. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోయి, లేవనుకుంటారు. జానెడు దూరంలో చుట్టూ పార దింపి, మట్టిగడ్డతో సహా లేపి బకెట్ నీళ్లలో కాసేపు ఉంచండి. మట్టి దానంతట అదే జారిపోతుంది.

ఇప్పుడు వేర్లు చూడండి. ఎన్ని బుడిపెలు ఉన్నాయన్నదానికంటే ఎక్కడ ఉన్నాయి, లోపల ఏ రంగులో ఉన్నాయి అన్నది ముఖ్యం. తల్లివేరు పైభాగంలో గుత్తిగా ఉంటే తొలి రోజుల్లోనే బాక్టీరియా దూరిందని అర్థం. ఆ భాగమంతా నున్నగా ఉండి, ఎక్కడో చివర పక్క వేర్లకు నాలుగు ఉంటే ఆలస్యంగా పట్టినట్టు. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో, ఎర్రగానో ఉంటే అది పనిచేస్తోంది. తెల్లగా ఉంటే ఇంకా లేతదో, పనికిరానిదో. ఆకుపచ్చ అయితే వయసైపోయింది. నల్లబడి మెత్తగా నలిగితే చచ్చిపోయింది.

నులిపురుగు గడ్డలను చూసి బుడిపెలనుకునేవాళ్లు ఉన్నారు. బుడిపె వేరుకు పక్కన అంటుకుని ఉంటుంది, వేలితో నెడితే ఊడి వస్తుంది. నులిపురుగు గడ్డ వేరే ఉబ్బడం, అది ఊడదు.

బుడిపెలు నిండుగా, ఎర్రగా ఉంటే సున్నం గురించి మర్చిపోండి. పాలిపోవడానికి కారణం ఇంకేదో ఉంది.

2. మట్టి తీయడం, పరీక్ష

ఎకరానికి 8-10 చోట్ల, వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కింది దాకా పలుచటి పొర చెక్కండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలే వరకు తగ్గించండి. గట్లు, చెట్ల నీడ, గత్తం పోసిన చోటు వద్దు. పోడు చేలల్లో మరొక జాగ్రత్త: చెత్త కాల్చిన చోట బూడిద వల్ల పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది. ఆ మచ్చ నుంచి మట్టి తీస్తే చేనంతా బాగుందని మోసపోతారు.

ల్యాబ్‌కు పంపేటప్పుడు పీహెచ్‌తో పాటు ‘సున్నం అవసరం’ కూడా చూడమని రాసివ్వండి. అడగకపోతే చాలాచోట్ల చూడరు. పీహెచ్ ఒక్కటే చూసి మోతాదు చెప్పలేం. 5.2 ఉన్న ఇసుక నేలకు కొంచెం సున్నం సరిపోతుంది, అదే 5.2 ఉన్న బంకమట్టి రెండు మూడింతలు మింగుతుంది.

రిపోర్ట్ వచ్చేదాకా ఆగలేకపోతే ఇంట్లో ఒక అంచనాకు రావచ్చు. 20 గ్రాముల ఆరిన మట్టిలో 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. బ్యాటరీల్లో పోయడానికి పెట్రోల్ బంకుల దగ్గర అమ్మేది అదే. బోరు నీళ్లు వాడితే బోరు నీళ్ల పీహెచ్ తెలుస్తుంది, మట్టిది కాదు. అరగంట పాటు మధ్యమధ్యలో కలిపి, తేరుకున్నాక పీహెచ్ పేపర్ ముంచండి. దీంతో సున్నం మోతాదు తేలదు, ల్యాబ్‌కు వెళ్లాలా వద్దా అన్నది మాత్రం తేలుతుంది.

పీహెచ్ 6 దాటితే అపరాలకు సున్నం అనవసరం. 5.5-6 మధ్య ఉంటే సోయా, బఠాణీ లాంటి వాటికి ఆలోచించవచ్చు. 5.5 కంటే తక్కువుంటే ఏ అపరాలకైనా వేయడమే మంచిది.

3. ఏ సున్నం కొనాలి

కావలసింది సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్. లేదా డోలమైట్ పొడి, దీంట్లో మెగ్నీషియం కూడా ఉంటుంది కాబట్టి వాన కడిగేసిన కొండ నేలలకు ఇదే నయం అని నా అభిప్రాయం. విత్తనాల షాపుల్లో దొరకకపోతే చేపలు, రొయ్యల చెరువులకు మందులమ్మే షాపుల్లో అడగండి. కోస్తాలో ఆక్వా రైతులు చెరువుల్లో వేసేది ఈ సరుకే. మైదానం నుంచి కొండకు తేవడానికి అయ్యే రవాణా ఖర్చే అసలు ఇబ్బంది. నలుగురైదుగురు కలిసి ఒకే బండిలో తెప్పించుకుంటే గిట్టుబాటవుతుంది.

కాల్చిన రాతి సున్నం, గుల్ల సున్నం చాలా ఘాటు. 100 కిలోల సున్నపురాయి పొడి చేసే పనికి కాల్చిన సున్నమైతే 56 కిలోలు, నీళ్లు చల్లి పొడిచేసిన తడి సున్నమైతే 74 కిలోలు చాలు. ఇది శుద్ధమైన సరుకుకు లెక్క. చేతులు, కళ్లు కాలతాయి, విత్తనానికి తగిలితే మొలక పోతుంది, బాక్టీరియా బతకదు. వాడక తప్పకపోతే విత్తే నెల ముందే వేసి కలియదున్నాలి.

బస్తాలో ఏముందో తేల్చుకోవడం కష్టం కాదు. గుప్పెడు పొడి మీద వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే కార్బొనేట్. డోలమైట్ అయితే నెమ్మదిగా, వెనిగర్ కాస్త వెచ్చబెడితేనే పొంగుతుంది. నీళ్లు పోయగానే వేడెక్కితే కాల్చిన సున్నం. రెండూ జరగకుండా, నీళ్లలో పీహెచ్ పేపర్ కూడా రంగు మారకపోతే అది బహుశా జిప్సం. జిప్సంలో కాల్షియం ఉంది గానీ అది పులుపును విరచదు. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమనేది కాయ నిండటం కోసం. అది వేశాం కదా, సున్నం ఎందుకు అనుకోకండి. దానిది వేరే పని.

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది. ముఖానికి రాసే పౌడర్ అంత మెత్తగా ఉండాలి. రవ్వలా ఉన్నది తక్కువ ధరకు వస్తుంది, కానీ ఆ రవ్వ కరిగేసరికి రెండు మూడు పంటలు అయిపోతాయి.

4. ఎంత, ఎలా

ల్యాబ్ రిపోర్ట్‌లో హెక్టారుకు ఇన్ని టన్నులు అని వస్తుంది. రెండున్నరతో భాగిస్తే ఎకరం లెక్క. హెక్టారుకు రెండున్నర టన్నులని వచ్చిందంటే ఎకరానికి టన్ను, అంటే 50 కిలోల బస్తాలు 20. ఈ అంకె చూడగానే చాలామంది రిపోర్ట్ మడిచి జేబులో పెట్టుకుంటారు.

అంత వేయనక్కర్లేదు. పూర్తి మోతాదు చేనంతా 15 సెంటీమీటర్ల లోతు వరకు సరిచేయడానికి. మనకు కావలసింది విత్తనం చుట్టూ ఉన్న మట్టి. అందుకే ఆమ్ల నేలల మీద మన దేశంలో జరిగిన ప్రయోగాల్లో సాళ్లలో సున్నం వేసే పద్ధతికి మొగ్గు చూపారు: పూర్తి మోతాదులో పదో వంతు, హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు, ప్రతి పంటకూ సాళ్లలోనే. ఎకరానికైతే 80 నుంచి 160 కిలోలు. రెండు మూడు బస్తాలతో అయిపోతుంది.

చేతికి అంచనా దొరకడానికి ఒక లెక్క. సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు ఉంటే ఎకరంలో మొత్తం సాళ్ల పొడవు సుమారు 9,000 మీటర్లు. 100 కిలోలు వేయాలంటే మీటరుకు 11 గ్రాములు, పది మీటర్లకు 110 గ్రాములు. టీ గ్లాసులో 110 గ్రాములు తూచి, ఎంతవరకు వచ్చిందో గ్లాసు మీద గీత గీసుకోండి. పది మీటర్ల తాడు పట్టుకుని మొదటి రెండు సాళ్లు కొలిచి వేస్తే, తర్వాత చెయ్యి దానంతట అదే కుదురుతుంది.

వీలైతే విత్తడానికి 10-15 రోజుల ముందు, నేల తడిగా ఉన్నప్పుడు సాలు తీసి పొడి వేసి మట్టితో కలపండి. సాళ్ల చివర్లలో పుల్లలు పాతితే విత్తేటప్పుడు అదే సాలు దొరుకుతుంది. అంత వ్యవధి లేకపోతే విత్తే రోజే సాలులో పొడి వేసి, రెండు వేళ్ల మందం మట్టి కప్పి, దాని మీద విత్తనం వేయండి. ఇది సున్నపురాయి పొడికి, డోలమైట్‌కు మాత్రమే. కాల్చిన సున్నంతో ఈ పని చేయొద్దు. పొడి నేలలో వేసిన సున్నం అలాగే పడి ఉంటుంది, తడి లేకపోతే కరగదు. గాలి లేని పొద్దున పూట, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేయండి.

పూర్తి మోతాదు వేసే స్తోమత ఉన్నవాళ్లు విత్తే 3-4 వారాల ముందు చల్లి, అడ్డంగా, నిలువుగా దున్ని కలపాలి. కొన్నేళ్లు మళ్లీ వేయనక్కర్లేదు. పీహెచ్‌ను 7 దాకా తేవాలని చూడకండి. 6 దగ్గర ఆగితే చాలు. అంతకుమించితే బోరాన్, జింకు, ఇనుము లోపాలు మొదలవుతాయి.

5. కల్చర్, ఎరువులు

సున్నం పని అయ్యాకే రైజోబియం. ఆ పంటకు చెప్పిన కల్చరే కొనాలి. సోయాది శనగకు పనికిరాదు, శనగది మినుముకు పనికిరాదు. ప్యాకెట్ మీద తేదీ చూడండి, కొన్నాక ఎండ తగలనివ్వకండి. 8-10 కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్, చల్లారిన బెల్లం నీళ్లలో కలిపి పట్టించాలి. శిలీంద్రనాశిని పట్టించేట్టయితే అది ముందు రోజే అయిపోవాలి.

పుల్ల నేలల్లో దీనికి ఒక అదనపు మెట్టు ఉంది. కల్చర్ పట్టించిన విత్తనం తడి ఆరకముందే మెత్తటి సున్నపురాయి పొడిలో దొర్లించి, గింజకు గింజ విడిపోయాక ఆరబెట్టండి. బెల్లం నీళ్ల బదులు చిక్కటి గంజి గానీ తుమ్మబంక గానీ వాడితే పొడి బాగా అంటుకుంటుంది. నేలలో పడిన మొదటి రోజుల్లో బాక్టీరియాకు పులుపు సోకకుండా ఈ పూత కాస్తుంది. సాలులో సున్నం వేయడానికి బదులుగా మాత్రం దీన్ని చూడొద్దు.

యూరియా, డీఏపీలను సున్నంతో కలిపి చల్లితే నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపితే భాస్వరం గడ్డకట్టి అందకుండా పోతుంది. కనీసం వారం పది రోజుల తేడా పెట్టండి. విత్తే రోజే సున్నం వేయాల్సివస్తే ఎరువును పక్క సాలులో వేయండి. అపరాలకు మొదట్లో ఎకరానికి 8 కిలోల నత్రజని చాలు. ఎక్కువ వేస్తే మొక్క తేరగా దొరికినదే తింటుంది, బుడిపెలను పోషించదు. భాస్వరం మాత్రం తగ్గించొద్దు.

రాజ్‌మాకు ఈ సూత్రం వర్తించదు. సున్నం వేసినా, కల్చర్ పట్టించినా మన దేశంలో అది సరిగా బుడిపెలు కట్టదు. ఉత్తరాదిలో దానికి హెక్టారుకు 100-120 కిలోల నత్రజని సిఫారసు చేస్తారు. అపరాల పంటే కదా అని దానికి ఎరువు తగ్గిస్తే నష్టపోతారు. రాజ్‌మాకు సున్నం వేయడం వేర్లు లోతుకు దిగడానికి, భాస్వరం అందడానికి. మన కొండ నేలలకు సరిపోయే మోతాదు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగండి.

మాలిబ్డినం సంగతి కూడా అక్కడే అడిగి వేయండి. దాని లవణాన్ని కల్చర్‌తో నేరుగా కలిపితే బాక్టీరియా దెబ్బతినవచ్చు. ఎక్కువ వేసిన చేనులో గడ్డి మేసిన పశువుకు రాగి లోపం వస్తుంది.

6. మళ్లీ పుల్లబడకుండా

అమ్మోనియం సల్ఫేట్ 100 కిలోలు వేస్తే దాని పులుపు విరవడానికి సుమారు 110 కిలోల సున్నపురాయి పొడి కావాలి. యూరియాకు 80 కిలోల పైచిలుకు. అపరాలు కూడా నత్రజని పట్టేటప్పుడు వేర్ల నుంచి ఆమ్లం వదులుతాయి. పంట కోసి, కట్టె, పొట్టు అంతా ఇంటికి తెచ్చేస్తే నేలలోని కాల్షియం కూడా దాంతోపాటే వస్తుంది. పశువులు తినగా మిగిలినది, పొయ్యిలో బూడిద తిరిగి చేనుకే చేర్చండి. గత్తం వేసిన చేలల్లో అల్యూమినియం జోరు కూడా తగ్గుతుంది.

7. తేడా తెలుసుకోవడానికి నాలుగు సాళ్లు వదలండి

మొదటిసారి వేసేటప్పుడు చేను మధ్యలో నాలుగు సాళ్లకు సున్నం వేయకుండా వదిలి, పుల్లలతో గుర్తు పెట్టండి. విత్తనం, కల్చర్, ఎరువు అన్నీ మిగతా చేనుకు వేసినట్టే వేయాలి. పూత సమయానికి రెండు వైపుల నుంచీ ఐదేసి మొక్కలు తవ్వి, పక్కపక్కన గోనె మీద పరచి చూడండి. సున్నం వేసిన వైపు తల్లివేరు మీద ఎర్రటి బుడిపెలు ఉండి, వేయని వైపు నున్నగా ఉంటే వచ్చే పంటకు కూడా సాళ్లలో అదే మోతాదు కొనసాగించండి. రెండు వైపులా బుడిపెలు బాగుంటే సున్నం డబ్బు మిగుల్చుకోండి. రెండు వైపులా లేకపోతే కల్చర్ తేదీ, ఎండలో పెట్టారా లేదా, భాస్వరం వేశారా అన్నది చూసుకుని, అప్పుడు షాపుకు వెళ్లండి.